పండ్రెండు సెకండుల సాయంకాలము

గత వార్షికోత్సవమున మా పాఠశాల బాలురు తాము రచించిన కంప్యూటరు ఆట నొకదానిని ప్రదర్శించిరి. దాని ప్రారంభదృశ్యమును చూచి సభలో పలువురు నవ్విరి. ఆ నవ్వునకు కారణము పదవ తరగతి బాలుడొకడని నేనానాడు తలంచితిని. నిజమేమో ఇచ్చట వ్రాయుట నా విధి.

ఆట కథ సామాన్యమైనది. పెనుబల్లి పిల్లవాడొకడు తప్పిపోయిన లేగదూడను వెదకుచు అడవిలోనికి పోవును. మొదట లంకాసాగర్ చెరువుపై ప్రొద్దు క్రుంకుట, నీరు ఎఱ్ఱబాఱుట, చీకటిపడుట, గట్టు ప్రక్క గుడిసెలో దీపము వెలుగుట, ఇవన్నియు 12 సెకండులలో జరుగవలెను. వెనుకనుండి ఆ బాలుని నాయనమ్మ కంఠము కథ చెప్పుచుండును. ఆమె మాటలను వాడు సెల్‌ఫోనులో పట్టి తెచ్చినాడు. ఆమె "నీళ్ళు ఎర్రబడ్డయి" అన్నప్పుడే నీరు ఎఱ్ఱబడవలెను. ముందు కాదు, వెనుక కాదు.

మేము వాడినది గోడాట్ అను ఉచిత సాధనము. దీనిని మొదట నిర్మించినవారు అర్జెంటీనా దేశీయులు. 2014లో దీని మూలరచనను ఎల్లరకును విడుదల చేసిరి. ఇందు చెరువు ఆకారము మాఱదు. దానిపై కప్పిన చిత్రము మాత్రము మాఱును. ఆ చిత్రమునకే టెక్స్చరు అని పేరు. తోలుబొమ్మలాటవారు సందర్భమును బట్టి హనుమంతునికి వేఱొక బొమ్మను తెరపైకి తెత్తురు గదా. ఇచ్చట బొమ్మ యదియే, తోలు మాత్రము మాఱునని బాలురకు చెప్పితిని. ఆ పోలిక వారికి వెంటనే పట్టుబడినది. తరువాత నేను చెప్పినదే చెడినది.

యంత్రము తెరపై బొమ్మను మాటిమాటికి క్రొత్తగా గీయును. అట్టి యొక్కొక్క బొమ్మను ఫ్రేమందురు. మా గదిలోని పాత కంప్యూటరు సెకండునకు 30 ఫ్రేములు గీయుచుండెను. కావున "90 ఫ్రేములు లెక్కించి చిత్రమును మార్చుము, మూడు సెకండులగును" అని నేనే చెప్పితిని. మా గదిలో అది చక్కగా నడచెను. ఉత్సవమునాడు అరువు తెచ్చిన క్రొత్త కంప్యూటరు సెకండునకు 60 గీసెను. నాయనమ్మ ఇంకను సంధ్యను వర్ణించుచుండగనే తెరపై రాత్రియై దీపము వెలిగినది. మొదటి వరుసలో కూర్చున్న ఆమెయు నవ్వినది. బాలుడు నవ్వలేదు.

సభ ముగియకమున్నే వానిని ప్రక్కకు పిలిచి, రాత్రికి రాత్రి ఏమి మార్చితివని గద్దించితిని. "మీరు చెప్పినట్టే ఉంచానండి సార్" అని వాడు తలవంచుకొనెను. నేను నమ్మలేదు. ఇరువదియేండ్లుగా ఇట్టి మాటలు వినుచున్నవాడను.

ఆ రాత్రి ఇంట స్క్రిప్టును చదివితిని. 90 అన్నచోట 90యే యున్నది.

మూకీ చిత్రముల కాలమున యంత్రమును చేతితో త్రిప్పెడివారు. చేతి వేగమును బట్టి బొమ్మలు పరుగెత్తెడివి. ధ్వని తోడైన పిదప అది చెల్లదయ్యెను. సెకండునకు 24 ఫ్రేములని నియమ మేర్పడినది. తెలుగున 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మాటలాడు చిత్రము లారంభమైనవి. ఈ సంగతి తరగతిలో ఎన్నిమాఱులు చెప్పితినో! ఐనను ఆ ముసలమ్మ మాటను ఒక చేతివేగమునకే విడిచితిని.

సోమవారము బాలునితో కూర్చుంటిని. క్రిందటి ఫ్రేమునుండి ఎంత కాలము గడచెనో గోడాట్ ‘డెల్టా’ అను పేర ప్రతి ఫ్రేమునందును తెలుపును. దానిని కూడుకొనుచు పోయి, మొత్తము మూడైనప్పుడు చిత్రమును మార్చవలెనంటిని. వాడట్లే వ్రాసెను, చిత్రము మాఱనేలేదు! భిన్నములను కూడగా మొత్తము 2.98 నుండి 3.01కి దూకును గాని సరిగా మూడుపై నిలువదు. "మూడునకు సమానము" అన్నచోట "మూడు గాని, అంతకు మించి గాని" అని దిద్దినవాడు వాడే. చిత్రములను ముందుగనే మెమరీలోనికి తెచ్చియుంచు ‘ప్రీలోడ్’ వలన మార్పువేళ కలిగెడి తడబాటును పోయినది.

పిమ్మట వాడు మెల్లగా, "అసలు మనం లెక్కపెట్టడం ఎందుకండి సార్? నాయనమ్మ మాట ఎక్కడిదాకా వచ్చిందో దాన్నే అడగొచ్చు కదా?" అనెను. అడుగవచ్చును. ధ్వని ఎంతవఱకు నడచినదో తెలుపు ఉపాయము గోడాట్‌లో నున్నది. నాకది తోచలేదు.

అరువు కంప్యూటరును తిరిగి పంపకమున్నే రెంటిని ప్రక్కప్రక్కనుంచి నడిపితిమి. ఆమె "దీపం పెట్టింది" అన్నప్పుడు రెండు తెరలపైనను దీపము వెలిగెను. తరగతి యెదుట తప్పు నాదని చెప్పితిని. వాడు నా వైపు చూడలేదు. దీపపు చిత్రమును మరల తెఱచి, వత్తి కొంచెము పెద్దదిగా నున్నదని దిద్దుకొనుచుండెను.