పుట్టి లెక్కా, డాలర్ లెక్కా

మీ ఇంట్లోనో, మీ ఎరికలోనో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసే పిల్లలున్నారా? అందులోనూ ఎగుమతులు, పంటల ధరలు చదివేవాళ్ళయితే ఒక్కసారి మనుబోలు పంపించండి. నెల్లూరికీ గూడూరుకీ నడుమ, హైవే మీదే ఉంది. వరి మళ్ళున్నాయి, కండలేరు క్రీకు వెంట రొయ్యల గుంటలున్నాయి, కృష్ణపట్నం రేవూ దగ్గరే.

రొయ్య సంగతే చూడండి. మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద బేరం అమెరికాది. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించారు. అప్పటికి అవింకా అమల్లోకి రాలేదు, గుంటలో ఉన్న రొయ్య ఓడెక్కేది ఎప్పుడో! అయినా కొద్ది రోజుల్లోనే గట్టు మీద ధర పడిపోయింది. ఏప్రిల్ 9న పెంపును 90 రోజులు వాయిదా వేశారు. మరి ధర పడినంత వేగంగా లేచిందా? పరిశోధన చేసే పిల్లలు కొలవాల్సింది ఇదీ. ఆగస్టు 27కల్లా సుంకం 50 శాతానికి చేరింది.

సుంకం భారం ఎక్కువగా తప్పించుకోలేనివాడి మీదే పడుతుందని పుస్తకాలు చెబుతాయి. ఆ తప్పించుకోలేనివాడు గుంట కాడే ఉంటాడండీ. రోజూ మేత వెయ్యాలి, ఏరియేటర్లకు కరెంటు కట్టాలి. పైన తెల్లమచ్చ భయం. 1990ల నడుమ ఆ రోగం ఈ తీరాన రొయ్యల సాగునే కూల్చింది. 60 కౌంటు (కిలోకు 60 రొయ్యలు) దాకా పెంచుదామనుకున్న మనిషి 100 కౌంటుకే పట్టేసేది అందుకే.

వడ్ల కథ ఢిల్లీ నుంచి నడుస్తుంది. మన్మోహన్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసింది భారత ఎగుమతుల మీదే. ఆయన ప్రధానిగా ఉండగానే 2007 అక్టోబరులో బాస్మతి కాని బియ్యం ఎగుమతి ఆపారు. 2008లో థాయ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. మన తలుపులు మళ్ళీ తెరుచుకున్నది 2011లో. 2023 జూలై 20న తెల్లబియ్యానికి మళ్ళీ అడ్డం పెట్టి, 2024 సెప్టెంబరులో తీశారు. నేను ఆ నిర్ణయాలను తిట్టను. బియ్యం కొనుక్కుతినే కూలివాళ్ళ ఆకలి చిన్న విషయం కాదు. కానీ లాభనష్టాలు ఎవరెవరికి ఎంతెంత పడ్డాయో ఊరు ఊరుగా రాసి పెట్టేవాళ్ళు కావాలి.

రేవులో టన్నుకెన్ని డాలర్లో కంప్యూటర్‌లో దొరుకుతుంది. మా నెల్లూరు జిల్లాలో వడ్లమ్మేది పుట్టి లెక్కన, పుట్టంటే 850 కిలోలు. తేమ ఎక్కువుందనీ, తరుగనీ ఆపైన ఎన్ని కిలోలు వేసుకున్నారు, చివరికి చేతికెంత వచ్చింది? అది కాటా చీటీల్లో ఉంటుంది, దళారీల పుస్తకాల్లో ఉంటుంది. ఆ పిల్లల్ని వాటికోసం అడగమనండి. కోతల రోజుల్లో వచ్చి, కళ్ళం కాడ ముందుగా కౌలురైతును పలకరించమనండి. పండిన వడ్లను నాలుగు రోజులు ఆపుకోవడానికి అతనికి చోటూ లేదు, అప్పిచ్చినవాళ్ళు ఆగనూ ఆగరు.