మూడు సిలిండర్ల పాఠం

ఇంజిన్ జబ్బు కనిపెట్టడం నేర్చుకోవడానికి, చవగ్గా దొరికే పాత మారుతి 800ను మించిన బండి లేదంటాను. 1983లో వచ్చిన ఆ కారుకి మూడే సిలిండర్లు, 796 సీసీ. ఒకటి మండకపోతే బండంతా వణుకుతుంది. ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏది తీసినప్పుడు ఇంజిన్ చప్పుడు మారదో ఆ సిలిండర్‌లోనే లోపం. అసలు ఆలోచన ఆ తర్వాత మొదలవుతుంది. ఆ ప్లగ్‌ని పక్క సిలిండర్‌కి మార్చాలి. లోపమూ దానితోపాటే వెళ్తే ప్లగ్‌దే తప్పు, వెళ్లకపోతే వైరో, కంప్రెషనో చూడాలి.

స్కానర్లుండగా ఈ తంటా ఎందుకని అడగొచ్చు. స్కానర్ పీ0302 అని చూపిస్తే రెండో సిలిండర్ సరిగా మండడం లేదని తెలుస్తుంది. కారణం కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది మళ్లీ మనిషే తేల్చాలి. అది తేల్చకుండా సామాన్లు మారుస్తూ పోతే బిల్లు పెరుగుతుంది, వణుకు అలాగే ఉంటుంది. నేర్చుకునేటప్పుడు చవక బండిలో పొరపాటుకు పోయేది కొద్ది డబ్బే. బ్రేకుల దగ్గర మాత్రం అలా పొరపాట్లు చేస్తూ నేర్చుకునే ధైర్యం వద్దు.