మంచె మీద ఇసుక సంచులుండవు

మొన్న శనివారం రేంజిలో నా పక్క బెంచీకి ఒకాయన వచ్చాడు. ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, 100 గజాల దూరంలోని కాగితం మీద మూడు తూటాలు పేల్చాడు. మూడూ అంగుళం లోపలే పడ్డాయి. "ఈ ఏటికి చాలు" అని సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇక్కడ విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. 9 రోజులు. ఆ మూడు తూటాలూ స్కోపు సరిగా ఉందని చెప్తాయి, మనిషి సంగతి చెప్పవు. అడవిలో బెంచీ ఏదీ? చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, గుండె దడదడలాడుతుంటే, మోచేతులు మోకాళ్లకు ఆనించి కొట్టాలి. అదీ ఒక్క దెబ్బే.

జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాలు. అందుకే ఆగస్టు నుంచి అంతేసి కాగితపు పళ్లేలకు గురిపెడుతున్నాను. బెంచీ మీద నాకూ అంగుళంలోనే పడతాయి. కూర్చుని కొడితే 100 గజాలకు ఐదింట్లో రెండు పళ్లెం దాటాయి. 70 గజాలకు ఐదూ లోపలే. నా హద్దు 70. అంతకు మించిన దూరంలో ఎంత కొమ్ముల పోతు నిలబడ్డా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

రేంజికి వచ్చే ఈ జనం దగ్గర నేర్చుకున్నదీ ఉంది. "సీజ్ ఫైర్" కేక వినపడగానే పిల్లాడి నుంచి ముసలాయన దాకా బోల్టు తెరిచి, తుపాకీ వదిలి వెనక్కి జరుగుతారు. అంత క్రమశిక్షణ ఉన్నవాళ్లు బెంచీ దగ్గరే ఎందుకు ఆగిపోతారు?

"జింకను చంపుతావుట్రా?" అంటుంది అక్క ఫోన్లో. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, తెలంగాణ రాష్ట్ర జంతువే జింక. ఇక్కడ మంద పెరిగితే అడవిలో మొలకలు మిగలవని లైసెన్సిచ్చి పంపుతారు. ఎన్నిసార్లు చెప్పినా అక్క మెత్తబడదు. తనని తప్పు పట్టను.

ఇక్కడివాళ్లు చెట్టుకు కట్టుకునే ట్రీ స్టాండును నేను మంచె అనే అంటాను. మా తాత జొన్నచేలో మంచె మీద ఒడిసెల తిప్పేవాడు, పిట్టల్ని తోలడానికే. పోలిక అక్కడితో సరి. ఒకసారి రాయి ఒక గువ్వ రెక్కకు తగిలింది. తాత ఒడిసెల నడుముకు చుట్టుకుని మంచె దిగాడు. చాలు వెంట చాలు గాలించాం. జొన్న మొదట్లో అది దొరికేసరికి పొద్దుగూకింది. ఇంకా కొట్టుకుంటోంది.

"పూర్తిగా తప్పినా బాగుండేదిరా" అన్నాడు తాత.

సీజనుకు ఇంకా మూడు వారాలుంది. రేపు పళ్లెం మళ్లీ 70 గజాల దగ్గరే కడతాను.