హుగ్లీనది క్రింది రైలు

కోటప్పకొండ కేగువారికి ఎక్కుటయే యాత్ర. త్రికూటేశ్వరుని సన్నిధికి మెట్లమార్గమున నెక్కుచు, ఆయాసము తీర్చుకొన నిలిచినపుడెల్ల పొలములు చిన్నవగుచుండుట చూచుచుందుము. దీనికి తలక్రిందైన యాత్ర యొకటి కలకత్తాలో నున్నది. నడికుడి మార్గమున మన పల్నాటిమీదుగా పోవు ఫలక్‌నుమా బండి హౌరాలో దింపును. ఆ స్టేషను నంటియే భూగర్భరైలునకు దారి. అచట దిగుటయే దిగుట!

మనదేశపు మొదటి భూగర్భరైలు 1984 అక్టోబరు 24న ఆ నగరముననే నడచినది. నేను చెప్పునది వేరొకటి. హౌరా మైదానమునుండి ఎస్ప్లనేడు వరకు 4.8 కిలోమీటర్లు, నాలుగే స్టేషనులు. 2024 మార్చి 15నుండి జనులెక్కుచున్నారు. హౌరాలో ప్లాటుఫారము 30 మీటర్లకు పైగా లోతున నున్నది. తామే కదలు మెట్లపై దిగునపుడు పెద్దమ్మలకు చేయూత తప్పదు. బండికి ఆరు పెట్టెలు. పట్టాల ప్రక్కనున్న మూడవ పట్టానుండి విద్యుత్తు నందుకొనును. ప్లాటుఫారము అంచున తలుపులు గలవు. బండి నిలిచిన పిదపగాని యవి తెరువబడవు. చంకబిడ్డలతో నిలుచు తల్లుల కిది యెంత ధైర్యమో! నదిక్రింద 520 మీటర్లు; నీలిదీపములు వెలుగుచుండ సుమారు 45 సెకండ్లలో దాటుదుము. గంగమ్మకు దండము పెట్టుకొనులోపల ఆవలియొడ్డు వచ్చును.

సొరంగము తొలుచు యంత్రములకు స్త్రీల పేళ్లు పెట్టిరి. 2017లో నదిని దాటినవి ప్రేరణ, రచన. ఎస్ప్లనేడునుండి తూర్పునకు సాగినవి చండి, ఊర్వి. నదికి వెరచినవారే గాని నేలకు వెరచినవారు లేరు. 2019 ఆగస్టు 31న బౌబజారు క్రింద చండి నీటిపొరను తాకెను. నీరును మట్టియు సొరంగములోనికి చొచ్చెను; పైన నేల క్రుంగి, పాతమేడలు బీటలువారెను, కొన్ని కూలెను. వంగభాషలో బౌ అనగా కోడలు. కోడలి బజారని దానికర్థము చెప్పుదురు. బంగారుపనివారి కాపురములున్న యిరుకుసందు లవి. వందలమంది ఇల్లువిడిచి హోటళ్లలో తలదాచుకొనిరి. పొయ్యిలేని గదిలో ఇల్లాలు సంసారమెట్లు నడపునో, మనకు వేరుగ జెప్పవలెనా? 2022లో మే నెలలోను, అక్టోబరులోను మరల బీటలు పడెను. నలువదియైదు సెకండ్ల వింతను పత్రికలు పొగడినంతగా ఈ కష్టమును తలచుకొనినట్లు నాకు తోపదు.

చండి మిగిల్చిన పనిని ఊర్వియే ముగించెను. 2025 ఆగస్టు 22న ఈ చిన్నదారి తూర్పుననున్న సియాల్దాతో కలిసినది. హౌరాలో దిగి సియాల్దాలో వేరొక బండి నందుకొనవలసినవారు, వంతెనమీది రద్దీలో చిక్కక, ఇప్పుడు సుమారు పండ్రెండు నిముషములలో చేరుచున్నారు. బండి ఆ బౌబజారు సందుల క్రిందుగనే పోవును.