18 అంగుళాల ఖిద్మత్



తల్లి పాదాల కింద జన్నత్ ఉందని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పాదాల మీద బరువేసి కూర్చుని లేవడానికి ఆమె రోజుకి ఎన్నిసార్లు అల్లాడిపోతుందో మాత్రం ఎవరూ మాట్లాడరు. అది సండాస్ సంగతి కదా, షర్మ్. ఈసారి ఆ సంగతే రాస్తున్నాను.

మా పుట్టిల్లు కడపలో. దాదా కట్టించిన ఇల్లు. కింద కడప బండలు, రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన మందపాటి గోడలు, మధ్యలో ఆంగన్. ఆంగన్ దాటి మూలకి పోతే సండాస్. రెండు మెట్లెక్కాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల గొంతుకూర్చునే బేసిన్, ఒక నల్లా, ఒక లోటా. మూడు తరాలు దాన్నే వాడాయి. అమ్మీకి ఇప్పుడు 72 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆరేళ్ళుగా నమాజ్ కుర్చీ మీదే చదువుతోంది.

అమ్మీ నీళ్ళు తాగడం తగ్గించేసిందని మొదట గమనించింది భాబీ. గ్లాసు పట్టుకెళ్తే "నక్కో బేటీ, ప్యాస్ నై" అనేదట. మే నెలలో, కడపలో, దాహం లేని మనిషి ఉంటుందా? ఒకే ఏడాదిలో రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. నీళ్ళు బాగా తాగమని డాక్టర్ చెప్తే తలూపి వచ్చేది. ఇంటికొచ్చాక మళ్ళీ అదే. షాదీలకి, వలీమాలకి రావడం కూడా మానేసింది. ఎందుకమ్మీ అంటే "జయీఫీ బేటీ" అని ఊరుకునేది.

అసలు మాట మనవరాలికి చెప్పింది. ఒక రాత్రి తహజ్జుద్ వేళ లేచి వెళ్ళి, కూర్చున్నాక లేవలేకపోయిందట. నల్లా పైపు పట్టుకుంటే అది ఊగింది. పక్క గదిలోనే కొడుకు ఉన్నాడు, పిలవలేదు. ఫజర్ అజాన్ అయ్యాక భాబీ లేచిన చప్పుడు విని, అప్పుడు మెల్లగా పిలిచింది. "బేటే కో కైసే బులాతీ మా?" అందట. కన్న కొడుకే అయినా ఆ స్థితిలో ఎట్లా పిలుస్తాను, అని.

ఆ హయాని నేను తప్పు పట్టలేను. మనం ఖిద్మత్ అంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం అనుకుంటాం. అమ్మీకి కావలసింది మన చెయ్యి కాదు. ఎవరి చెయ్యీ అవసరం లేకుండా తన పర్దాలో తను వెళ్ళి రావడం.

విషయం తెలిశాక ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఖాలా అంది, "కుర్చీ సండాస్‌లో తహారత్ ఎట్లా ఉంటుంది? అందరూ కూర్చునే సీటు, ఛీంటే పడతాయి." భాయిజాన్ బేసిన్ మీద పెట్టుకునే ప్లాస్టిక్ కమోడ్ స్టూల్ తెచ్చాడు. తడి బండ మీద దాని కాళ్ళు జారుతున్నాయి. అమ్మీ ఒక్కసారి కూర్చుని చూసి "నక్కో" అనేసింది.

ఖాలా మాట కొట్టిపారేసేది కాదు. పాకీ విషయంలో జాగ్రత్త మన దీన్‌లో ఉంది. కానీ అదే దీన్ మజ్బూర్ మనిషికి దారి కూడా ఇచ్చింది. ఇమ్రాన్ బిన్ హుసైన్ రజియల్లాహు అన్హు జబ్బుతో ఉంటే, నిలబడి చదవలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకి ఒరిగి నమాజ్ చదవమని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీస్ బుఖారీలో ఉంది. నమాజ్‌కి కుర్చీ ఇచ్చిన వాళ్ళం సండాస్‌లో ఎందుకివ్వకూడదు?

ఆ నమాజ్ కుర్చీయే మాకు కొలత కూడా ఇచ్చింది. మామూలు కమోడ్ 15, 16 అంగుళాల ఎత్తు ఉంటుంది. మోకాళ్ళు నొప్పులున్న వాళ్ళకి అది కూడా కిందే. అమెరికాలో వికలాంగుల కోసం పెట్టిన ప్రమాణం సీటుతో కలిపి 17 నుంచి 19 అంగుళాలు. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన మార్గదర్శకాల్లో 450 నుంచి 480 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 18, 19 అంగుళాలు. అయితే ఎత్తు ఎక్కువైనా కష్టమే. పొట్టి మనిషికి పాదాలు నేలకి ఆనవు, తొడలు తిమ్మిరెక్కుతాయి. అందుకే అమ్మీ ఎవరి సాయం లేకుండా లేవగలిగే నమాజ్ కుర్చీని టేపుతో కొలిచాం. 17 అంగుళాలు. దాని మీద దుప్పటి మడతేసి 18 చేస్తే ఇంకా సులువుగా లేచింది, పాదాలు నేల మీదే ఉన్నాయి. 18 ఖాయం చేశాం.

ఎత్తు కమోడ్ దొరక్కపోతే మామూలు దాని కింద రెండు మూడంగుళాల గట్టు కట్టొచ్చు. కానీ గట్టు కమోడ్ అడుగు భాగం ఎంతుందో అంతే ఉండాలి. వెడల్పుగా కడితే కాళ్ళు కూడా గట్టు మీదే పెట్టాలి, ఇక ఎత్తు పెరిగి ఫాయిదా ఏముంది? ఇంకో మాట. కమోడ్ కొనేముందు గొట్టం నేలలోకి పోతుందో గోడలోకి పోతుందో చూసుకోండి. నేలలోకైతే గోడ నుంచి గొట్టం నడిమధ్యకి ఎన్ని అంగుళాలో కొలిచి దుకాణంలో చెప్పాలి.

మేస్త్రీ గుంటుపల్లి వైపు మనిషి, ముసల్మాన్ కాదు. పని మొదలుపెట్టకముందే అడిగాడు, "సాయిబుల ఇల్లు గదమ్మా, పడమటి దిక్కు పెట్టకూడదు గదా?" నాకు దిల్ నిండిపోయింది. మన వైపు నుంచి ఖిబ్లా పడమరే, కాస్త ఉత్తరానికి ఒరిగి. ముఖమైనా వీపైనా అటు ఉండకూడదని మన హనఫీ ఫిఖ్‌హ్. దాదా వేయించిన బేసిన్ ఉత్తర దక్షిణాలుగానే ఉంది, కమోడ్ కూడా అట్లాగే పెట్టించాం. అద్దె ఇళ్ళల్లో దిక్కు మార్చలేని వాళ్ళకి కూడా మిసాల్ ఉంది. అబూ అయ్యూబ్ అన్సారీ రజియల్లాహు అన్హు షామ్ వెళ్ళినప్పుడు అక్కడి మరుగుదొడ్లు ఖిబ్లా వైపు కట్టి ఉంటే, పక్కకి తిరిగి కూర్చుని ఇస్తిగ్ఫార్ చేసేవాళ్ళమని చెప్పారు.

ఖాలా అడిగిన తహారత్‌కి జవాబు నల్లా పెట్టే చోటులో ఉంది. ఇస్తింజా ఎడమ చేత్తో, నీళ్ళు కుడి చేత్తో. కాబట్టి చేతి షవర్ కుడి పక్కన, కూర్చున్నప్పుడు చెయ్యి అందే ఎత్తులో పెట్టించాం. లోటా వదలదు అమ్మీ, దానికి పక్కనే చిన్న రాతి అరుగు. వుజూ నల్లా ఆంగన్‌లోకి మార్చాం, లోపల నేల పొడిగా ఉండాలని.

కమోడ్ లోపలే ట్రాప్ ఉంటుంది కాబట్టి, పాత బేసిన్ కింది ట్రాప్ కోసం లేపిన గట్టు తవ్వేస్తే ఒక మెట్టు తగ్గింది. రెండు పక్కలా పట్టుకునే స్టీల్ కడ్డీలు కావాలి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు. మా మట్టి గోడలో మేకు నిలవదు గనక మేస్త్రీ గోడ తొలిచి సిమెంటు నింపి బిగించాడు. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పాం. లోపల ఎవరైనా పడిపోతే తలుపుకి అడ్డం పడకుండా, బయట నుంచి తీయగలిగేలా. రాత్రంతా వెలిగే చిన్న బల్బు, చేతికందే బెల్లు. నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులూ అమ్మీ ఖాలా ఇంట్లో ఉంది.

అమ్మీ పెద్దగా ఏమీ అనలేదు. వారం తర్వాత భాబీ ఫోన్ చేసి, "ఇప్పుడు సురాహీ రోజుకి రెండుసార్లు నింపుతున్నా" అంది. అల్‌హందులిల్లాహ్. ఖాలా కూడా తన ఇంటి కమోడ్‌కి కడ్డీలు బిగించమని అదే మేస్త్రీని పిలిపించుకుంది.

వలీమాలకి మాత్రం అమ్మీ ఇంకా రావడం లేదు. మా మొహల్లా షాదీఖానాలో ఆడవాళ్ళ వైపు ఉన్నవన్నీ కింద కూర్చునేవే. మస్జిద్ వుజూఖానా పక్కన పెద్దమనుషుల కోసం ఒక్కటైనా కుర్చీ సండాస్ లేదు. చందాలు పోగుచేసి మీనార్లకి రంగులు వేయించే కమిటీ భాయిలు ఈసారి ఒక టేపు కూడా పట్టుకెళ్ళాలి. మన ఊళ్ళో ఒక తలుపు, ఒక కమోడ్, రెండు కడ్డీలు. సదఖా జారియా అంటే బోరుబావులే కానక్కర్లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఈ రోజు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో ఒకసారి చూడండి.