వైకుంఠపాళిలో చరిత్ర పాఠము

చరిత్ర యనగానే మొగము ముడుచుకొను బాలురు కొందరు గలరని ఉపాధ్యాయులకు తెలియును. తలిదండ్రులకు అంతకంటె బాగుగా తెలియును. మా యింట నట్టివారు ఇద్దరు గలరు. రాజుల పేర్లను, సంవత్సరములను రాత్రి వల్లించి ఉదయమునకు మఱచుట వారికి వాడుక. మా యిల్లు పాల్వంచనుండి భద్రాచలము పోవు దారిలో అడవి యంచున నున్నది. ముసురు పట్టిన దినములలో పిల్లలకు వాకిట ఆడుకొన వీలుండదు. అట్టి దినములలో మేము చేసిన యొక చిన్న ప్రయత్నమును, అందు మేము పడిన పొరపాటును ఈ పత్రిక చదువువారికి విన్నవించుచున్నాము.

ఆటవలన పాఠము చెప్పుట క్రొత్త సంగతి కాదు. ఇంగ్లాండులో జాన్ జెఫరీస్ అను నతడు 1759 లోనే ఐరోపా దేశములలో ప్రయాణము చేయునట్టి ఆటపటమును ప్రకటించి, దానిచే భూగోళమును నేర్పజూచెను. మన పెద్దలు వైకుంఠపాళిచే పుణ్యపాపములను బోధించిరి. పుణ్యము చేసినవారికి నిచ్చెన, పాపము చేసినవారికి పాము. ఆ యాటయే పందొమ్మిదవ శతాబ్దము చివర ఇంగ్లాండు చేరి అచటి పిల్లలకును ప్రియమైనది.

దానినే మేమును ఎన్నుకొంటిమి. పాత గోడ క్యాలెండరు వెనుక అరువది గడులు గీసి, కాకతీయుల కాలము మొదలు నేటివరకు మా ప్రాంతపు సంగతులను వరుసగా వ్రాసితిమి. నాలుగు చింతగింజలను ఒక ప్రక్క తెల్లబడునట్లు అరుగుమీద అరగదీసి పందెమునకు సిద్ధము చేసితిమి. మంచి జరిగిన గడియందు నిచ్చెనను, చెడుగు జరిగిన గడియందు పామును గీయుట మా సంకల్పము. ఇంత తేలిక పని మఱి యొకటి లేదని తలచితిమి.

మొదటి చిక్కు గోపన్నగారి గడియందే వచ్చెను. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారై, సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలమున రామాలయము కట్టించెననియు, అందుకు తానీషా ప్రభువు ఆయనను గోలకొండ కోటలో చెరబెట్టెననియు మీరందరు వినియే యుందురు. ఈ గడియందు ఏమి గీయవలెను? “గుడి కట్టినాడు గదా, నిచ్చెన గీయుడు” అని చిన్నవాడు. “రైతులు కట్టిన పన్ను గదా, అడుగకుండ వాడవచ్చునా? పామే గీయవలెను” అని పెద్దది. ఇద్దరును కలహించుకొని మా మొగము చూచిరి. మాకును తోచలేదు. తుదకు ఆ గడినుండి పామును గీసితిమి, నిచ్చెనను గీసితిమి. ఏది తనదో కాయ నడుపువాడు కారణము చెప్పి తేల్చుకొనవలెనని నియమము పెట్టితిమి. చెరలో పండ్రెండేండ్లు గడిచెననియు, రామలక్ష్మణులే వచ్చి ప్రభువునకు సొమ్ము చెల్లించిరనియు జనులు చెప్పుకొనునది కథ. 1687 లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొనుటతో తానీషా రాజ్యము ముగిసెననునది చరిత్ర. ఈ రెంటికిని గల భేదమును పిల్లలు ఆ కలహములోనే తెలిసికొనిరి.

1871 వ సంవత్సరపు గడియు అట్టిదే. ఆ యేటనే డాక్టరు కింగు ఇల్లందు సమీపమున బొగ్గు కనుగొనెను. ఆ యేటనే గోదావరిపై పడవలు ఎగువకు నడపవలెనని దుమ్ముగూడెమువద్ద సాగించిన పనులు నిలిచిపోయెను. ఒక్క సంవత్సరమునకే ఒక ప్రక్క నిచ్చెన, ఒక ప్రక్క పాము.

ఇక మా పొరపాటు. 1986 గడియందు మేము మాఱు తలంపు లేక పటమంతటిలో పెద్ద పామును గీసితిమి. ఆ యేడు ఆగస్టు నెలలో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల యెత్తునకు వచ్చెను. మా తల్లిగారు ఆనాడు ఏటి యొడ్డు పల్లెలో క్రొత్త కోడలు. ఆటలో ఆమె కాయ ఆ గడియందే పడి మొదటికి జారెను. చిన్నవాడు ఆమెను చూచి, “నాయనమ్మా, పాపము చేసినవారినే గదా పాము మ్రింగునది? మీ యూరివారు ఏమి పాపము చేసినారు?” అని యడిగెను.

మాకు నోట మాట రాలేదు. ఆ వరదను గూర్చి మా తల్లిగారు మాతో నెన్నడును చెప్పియుండలేదు, మేమును అడుగలేదు. ఆమె కొంత సేపు ఊరకుండి, “పాపమేమి లేదు బిడ్డా. గోదారి వచ్చినది, మేము ఒడ్డున ఉన్నాము, అంతే” అనెను. పిమ్మట తానే చెప్పసాగెను. రాత్రి కబురు వచ్చినదట. మామగారు బండి కట్టినాడట. పొరుగింట బండి లేదు, ముగ్గురు పసిపిల్లలు. “వాండ్లను ఎక్కించుకొనుటకు మా వడ్ల బస్తాలు దింపినాము. తిరిగి వచ్చునాటికి గోడలు కూడ లేవు” అనెను.

ఆ సాయంకాలము మేము ఆ పామును చెరిపివేసితిమి. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 48 కి రెండవది, 53 కి మూడవది. పటములో ఆ సంఖ్యలు గల మూడు గడులను హెచ్చరిక గడులు చేసితిమి. ఎవరి కాయ యైనను అందు ఆగినచో, తక్కినవారు తమ తరువాతి పందెమును వదలుకొని మెట్టకు చేరవచ్చును. అటు పిమ్మట ఎవరికైనను అష్ట పడినచో వరద వచ్చినట్లే. మెట్ట చేరనివారు మొదటికి పోవుదురు. “బండి లేనివారి మాట?” అని మా తల్లిగారు అడిగిరి. దానికి పెద్దది నియమము చెప్పెను: తన పందెము నింకొకటి వదలుకొన్నవాడు మఱియొకరిని వెంట తీసికొనిపోవచ్చును. 2022 జూలైలో నీరు మఱల 71.3 అడుగులకు వచ్చిన సంగతిని ఆ నియమముతో కలిపియే మా పిల్లలు జ్ఞాపకముంచుకొన్నారు.

మా పిల్లలు చరిత్రలో అందరికంటె మిన్నయైరని చెప్పుటకు మేము సాహసింపము. ఖమ్మము జిల్లా ఏర్పడినది 1953 లోననియు, భద్రాచలము అందు చేరినది 1959 లోననియు చెప్పుటలో నేటికిని తడబడుచున్నారు. కాని జరిగిన కీడంతయు పడినవారి పాపఫలమే యని యిపుడు వారు తలపరు. ఆ తలంపును మా చేతులతో మేమే గీసి వారికి చూపితిమి. దానిని చెరుపుటకు ఒక ముసలితల్లి మఱచిపోదలచిన రాత్రిని మఱల చెప్పవలసివచ్చెను.

తలిదండ్రులారా, ఈ యాటకు పైకమక్కరలేదు. ఒక కాగితము, నాలుగు చింతగింజలు చాలును. విద్యార్థులారా, మీ యూరి పటమును మీరే గీసికొనుడు. పామును గీయుటకు ముందు మాత్రము ఇంటి పెద్దలను ఒక మాట అడుగుడు.