మౌనవ్రతభంగం

వీడియో క్రీడలనగానే పెద్దలకు కాల్పులు, కేకలు మాత్రమే స్ఫురిస్తాయి. డెన్మార్కుకు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ సంస్థ 2006లో వెలువరించిన 'హిట్‌మన్: బ్లడ్ మనీ' మా మిత్రబృందానికి ఓర్పునే అలవరచింది. నాయకుడు కిరాయి హంతకుడు. అతనిని ఆదర్శపురుషుడని మేము అనబోము. అయినా మారువేషం ధరించడం, కావలివాని నడకను ఓపికగా గమనించడం, హత్యను ప్రమాదంగా భ్రమింపజేయడం, ఇదే అందులోని విద్య. సాక్షులు మిగిలితే అపకీర్తి పెరుగుతుంది. తరువాతి ఘట్టంలో జనం అతనిని త్వరగా పోల్చుకుంటారు. నిరపరాధిని తాకకుండా బయటపడడమే నేర్పని మేము భావించాము.

'రెక్వియం' అనే తుది ఘట్టంలో అతడు శవపీఠంపై కదలక పడివుంటాడు. రూపకర్తల పేర్లు తెరపై సాగుతుంటే ఆట ముగిసిందనే తోస్తుంది. కదలిక మీటలను విడువక నొక్కినవారికే అతడు కన్ను తెరుస్తాడు. ఊరకున్నవారికి దహనమే మిగులుతుంది. (ఎందరు ఇక్కడే లేచి వెళ్లారో!) లేచిన పిమ్మట దాగడం లేదు, వేషం లేదు, చేతుల్లో రెండు పిస్తోళ్లు. అక్కడివారెవ్వరూ ప్రాణాలతో మిగలకూడదు. చర్చి గురువు, పాత్రికేయుడు సైతం.

ఇది తొలి ఘట్టాల నియమాలకు ద్రోహమని మాలో కొందరు వాదించారు. నిజానికి నియమం మారలేదు. సాక్షి ఉండరాదన్నది మొదటినుంచీ ఉన్నదే; ఇంతకాలం మా నేర్పు దానికి తెర వేసింది. ఆయుధం లేని ఆ గురువు ఎదుట మా చేయి చాలసేపు నిలిచిపోయింది. ఆయన బతికుండగా ఆట ముగియదు.